లోపలికి ఒక్కరే

ఇస్త్రీపెట్టె కింద మొగుడి చొక్కా ముడతలు విప్పుకుంటోంది. రేపు పొద్దున్నే ఆమెకి ఆపరేషన్. ఆమె ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆయనగారు నలిగిన చొక్కాతో ఆఫీసుకి వెళ్లకూడదు కదా! అందుకే నిండు కడుపు బల్లకి తగలకుండా పక్కకి వంగి మరీ రుద్దుతోంది.

బిడ్డ అడ్డం తిరిగిందని డాక్టరమ్మ తేదీ చెప్పిన దగ్గర్నుంచీ ఆమెకి కునుకు లేదు. కళ్లు మూస్తే చాలు, వెన్నులో దిగే సూది, కళ్లకి అడ్డంగా కట్టే గుడ్డ, మెలకువగా ఉండగానే ఆ గుడ్డకి అవతల తన ఒంటి మీద నడిచే కత్తి. ఒకసారి భోజనాల దగ్గర నోరు తెరిచి భయమేస్తోందంది. "తేదీ చూసుకుని కనడానికి భయమేమిటే? మేం నొప్పులు పడి కన్నాం," అంది అత్తగారు. "వదినలా మొదలెట్టకు," అని మొగుడు నవ్వాడు. ఆ వదిన, ఈమెకి తోడికోడలు, తన కాన్పుకి ఆపరేషన్ గదిలో భోరున ఏడ్చిందట. చుట్టాలొస్తే ఇప్పటికీ ఆ ఏడుపు అనుకరించి చూపిస్తారు. ఆవిడ టీ కప్పులు అందిస్తూ వింటుంది.

ఆసుపత్రి నుంచి ఫోను. మొగుడు స్పీకర్ నొక్కాడు.

"రేపు ఆవిడతో లోపలికి ఒక్కరినే రానిస్తాం. ఎవరొస్తున్నారు?" అడిగింది నర్సు.

"నేనే. వీడియో తీయాలి."

"రక్తం చూస్తే పడిపోతావు, నిన్ను మోసేదెవర్రా? నేనెళ్తా. మనవడి మొహం ముందు నేనే చూడాలి," అంది అత్తగారు.

వాదన ముదిరింది. ఎవరి పక్కన ఉండటానికో ఇద్దరికీ గుర్తున్నట్టు లేదు. ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టి ఫోను లాక్కుంది.

"సిస్టర్, మా తోడికోడలు వస్తుంది."

"ఆ ఏడుపుగొట్టుదా!" అత్తగారు నోరు నొక్కుకుంది.

వంటింటి గుమ్మంలో తోడికోడలు తడిచేతులతో బిగుసుకుపోయింది. "నన్నెందుకే? నేను నీకంటే ముందే ఏడ్చేస్తాను."

"ఏడిస్తే ఏడువు, అక్కా. ధైర్యంగా ఉండమని మాత్రం అనకు."

మర్నాడు సూది దిగుతుంటే ఆమె గొంతు దాచుకోలేదు. "అక్కా, భయమేస్తోంది!"

"నాకూ భయమేనే!" అంది అక్క, చెయ్యి వదలకుండా. ఇద్దరూ ఏడ్చారు, ఏడుస్తూనే నవ్వారు. ఇన్నాళ్లూ గుండెని పట్టుకున్న పట్టు సడలింది. కాసేపటికి గుడ్డకి అవతల ఓ కొత్త గొంతు కేరుమంది.

"ఊరుకో తల్లీ, ఏడవకు," అంటూ ఎవరో బిడ్డని జోకొట్టబోయారు.

"అది నా కూతురు," అంది ఆమె. "ఏడవనివ్వండి."