మూడో అంతస్తులో కొల్లేరు

ఏలూరులో ఆ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. పొద్దున్నే వచ్చినవాళ్ళు చెప్పులు గుమ్మం దగ్గర వదిలి, నేల తడిగా ఉందేమో పాదంతో చూసుకుని మరీ సీట్లో కూర్చుంటారు. రాసిన ప్రోగ్రాములో ప్రాణం తీసే తప్పుంటే కొల్లేరు నీళ్ళు అక్కడికి వస్తాయి. ఎందుకొస్తాయని ఎవరూ అడగరు. ప్యాంట్లు పైకి మడుచుకుని తప్పు వెతుక్కుంటారు, అంతే.

వాళ్ళు చేసేది పురిటిబిడ్డలకు ఊపిరి అందించే యంత్రం. దాని ప్రోగ్రాము రాసే జట్టుకు మెర్సీ పెద్ద. ఆమె సంతకం లేకుండా యంత్రం గుమ్మం దాటదు.

ఈసారి కొత్త మోడల్ పరీక్షలన్నీ నెగ్గింది. నీళ్ళు మాత్రం మోకాళ్ళదాకా వచ్చి, పోమంటే పోవడం లేదు.

"మెర్సీ గారూ, కింద లారీ వచ్చి ఉందండి," అన్నాడు యజమాని ఫణికిరణ్, టేబుల్ మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని. "మోటారు పెట్టి తోడించేద్దామా?"

"తోడితే నీళ్ళు పోతాయండి. తప్పు పోదు కదండీ."

ఆ తప్పు జట్టులో చిన్నదైన తేజశ్రీకి దొరికింది. యంత్రంలో వాచ్‌డాగ్ అని ఒక కాపలా చిప్పు ఉంటుంది. 'బతికే ఉన్నాను' అని ప్రోగ్రాము దానికి కబురు పెడుతూ ఉండాలి. కబురు అందుతున్నంతసేపూ అది పచ్చలైటు వెలిగిస్తుంది, ఆగితే అలారం మోగిస్తుంది.

"మేడమ్, కబురు పంపేది ప్రోగ్రాము కాదండి, టైమరు," అంది తేజశ్రీ. "ప్రోగ్రాము ఆగిపోయినా టైమరు దాని మానాన అది పంపేస్తుందండి."

చచ్చినవాడి హాజరు పక్కవాడు పలికినట్టన్నమాట.

సరిచేయగానే నీళ్ళు మెట్లు దిగి, కొల్లేటివైపు కాకుండా తూర్పుకు మళ్ళాయి. చప్పట్ల సందడిలో అది ఎవరూ చూడలేదు. మెర్సీ చప్పట్లు కొట్టలేదు. ప్రోగ్రాములో ఆ తప్పు లైను తను పాత మోడల్ నుంచి తెచ్చి పెట్టుకున్నదే.

"పాతదానికి నీళ్ళు రాలేదు కదండీ," అన్నాడు ఫణికిరణ్.

"అది మే నెలలో పంపామండి," అంది మెర్సీ.

ఆ మేలో కొల్లేరు ఎండి నెర్రెలిచ్చింది. రావడానికి నీళ్ళేవీ? పొడినేల చూసి అందరూ మురిసిపోయారు, ఆమె సంతకం పెట్టేసింది. అంత చదివినవాళ్ళలో ఒక్కరికీ ఆ మాట తట్టలేదు.

మెర్సీ ఆ పాత యంత్రాలున్న ఆస్పత్రులకు ఫోన్లు మొదలుపెట్టింది. తాడేపల్లిగూడెంలో స్టెల్లా అనే నర్సు ఎత్తింది.

"మీకే చేద్దామనుకుంటున్నానండి. పిల్లల వార్డులోకి నాచు వాసనేసే నీళ్ళొచ్చాయండి. ఒక్క మంచం దగ్గరే, మీ యంత్రం కిందే నిలబడ్డాయి. తుడిపిస్తున్నాను."

"తుడవకండి సిస్టర్. ముందు బిడ్డని ఆ యంత్రం నుంచి తప్పించి, చేత్తో ఊపిరి అందించండి."

"యంత్రం బానే ఉందండి, పచ్చలైటు వెలుగుతోంది."

"లైటుని కాదమ్మా, బిడ్డని చూడండి."

ఫోన్ బల్లమీద పడిన చప్పుడు, ఆ వెంటనే పరుగు. మెర్సీకి ప్రార్థన కూడా గుర్తు రాలేదు. చాలాసేపటికి సన్నగా, కోపంగా ఒక ఏడుపు వినబడింది.

"నీలంగా అయిపోయిందండి. ఇప్పుడిప్పుడే ఎర్రబడుతోంది," అంది స్టెల్లా రొప్పుతూ. యంత్రం వైపు తిరిగి చూసి, "లైటు ఇంకా పచ్చగానే ఉందండి," అంది.

మెర్సీ ఏడుస్తూనే తర్వాతి ఆస్పత్రి నంబరు నొక్కింది.