గోడకెక్కిన బేసిను

నేను ఒక బేసిన్ని. ఇనుప రేకు మీద తెల్లని పింగాణీ పూత, అంచున నీలిరంగు గీత. ఇప్పుడు మా ఊరి చర్చిలో, వేదికకు కుడిపక్కన, గోడకు బిగించి ఉన్నాను. నన్ను చూసి కొందరు చేతులు జోడిస్తారు. అంత గొప్పతనం నాలో ఏమీ లేదని చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

నేను పుట్టింది ఒక కార్ఖానాలో. మండే కొలిమిలో పూత కరిగి నా ఒంటికి అతుక్కుంది. నాకు తెలిసిన బాప్తిస్మం అదొక్కటే. అక్కడినుంచి ఒక మిషను ఆసుపత్రికి వచ్చాను. ఆపరేషన్ గదిలో దూదీ కత్తెరలూ మోస్తూ కొన్నేళ్ళు దర్జాగా బతికాను. ఒకరోజు ఎవరి చేతిలోనుంచో జారిపడ్డాను. అంచున పెచ్చు లేచింది. పెచ్చు లేచినచోట తుప్పు పడుతుంది, తుప్పు పట్టినది ఆ గదికి పనికిరాదు. చెత్తకుప్ప పక్కన బోర్లా పడి ఉంటే, గాయాలకు కట్లు కట్టే రాహేలమ్మ నన్ను ఎత్తి, కొంగుతో తుడిచి, "నీకేం తక్కువైందే?" అంది. అడిగింది నన్నే. ఆ రోజునుంచి నేను ఆమెకు తోడు.

ఊరి చివర, రైలు గేటు దాటాక, కుష్ఠు వచ్చి తగ్గినవాళ్ళ కాలనీ ఉంది. మందులతో రోగం ఎప్పుడో పోయింది కాని, పోయిన స్పర్శ మాత్రం తిరిగి రాలేదు. ముల్లు దిగినా తెలియని పాదాలు అవి. రోజూ గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టాలి. గట్టిపడ్డ చర్మాన్ని గరుకు రాయితో రుద్ది, నూనె రాసి, ఎక్కడైనా పుండు మొదలైందేమో చూడాలి. అంతే వైద్యం. చేస్తే పాదం నిలుస్తుంది, మానేస్తే పోతుంది.

రాహేలమ్మ పొద్దున్నే డ్యూటీకి వెళ్ళే ముందు అక్కడికి వచ్చేది. ఉద్యోగం నుంచి దిగిపోయాక కూడా వచ్చేది. నన్ను పీట ముందు పెట్టి, నీళ్ళు పోసి, మొదట తన మోచేయి ముంచేది. చేతివేళ్ళు వేడికి అలవాటుపడి అబద్ధం చెబుతాయట, మోచేయి చెప్పదట. మోచేయి ఒప్పుకుంటేనే పాదం లోపలికి.

ఆ కాలనీలో అందరికంటే పాతకాపు సింహాద్రి. రాముడికీ సింహాచలం అప్పన్నకీ మొక్కేవాడు. కాళ్ళతోపాటు నోరు కూడా ఆమెకే అప్పగించేవాడు.

"ఏటి సెల్లీ, మీ దేవుడు కూడా కాళ్ళు కడిగినాడట గదా. ఇలాగే మోచెయ్యెట్టి సూసినాడేటి?"

"ఆయన శిష్యులకి చురుకు తెలుస్తాది. నీకు తెలీదు. కాలెట్టు."

"నన్ను మీ మతంలోకి లాగడానికి కాదు గదా ఇదంతా?"

"నిన్ను లాగితే నాకు నడుం పట్టేస్తాది. కాలెట్టమన్నానా!"

చర్చిలో వేరే ప్రశ్న ఉండేది. సంఘ కార్యదర్శి జయశీలరావుగారు ఆమెను ఒకసారి నలుగురిలో అడిగారు: "ఇన్నేళ్ళుగా కడుగుతున్నారు. ఒక్కరైనా బాప్తిస్మం తీసుకున్నారా అమ్మా?"

"ప్రభువు కడగమన్నాడు కాని, కడిగితే ఏమొచ్చిందో చెప్పమనలేదు కదండీ" అంది రాహేలమ్మ.

కాలనీ కుళాయి ఎండిపోయిన వేసవిలో ఆమె నన్ను చంకన పెట్టుకుని చర్చి ఆవరణలోని కుళాయికి వచ్చింది. "అది ఆ కాలనీ బేసినండీ. పిల్లలు తిరిగే చోటు, గేటు బయట పెట్టండి" అన్నదీ జయశీలరావుగారే. ఆయన చెడ్డవాడు కాడు. నాకు మనుషుల్లో చెడ్డవాళ్ళు పెద్దగా తగల్లేదు. భయపడేవాళ్ళూ, మరిచిపోయేవాళ్ళూ తగిలారు.

తొలకరి వానల్లో ఆమెకు జ్వరం తగిలింది. కొన్నాళ్ళు రాలేదు. ఆ తర్వాత ఇక రాలేదు. సింహాద్రి కర్ర ఊతంతో వచ్చి, నేను బోర్లించి ఉన్న కాలనీ కుళాయి గట్టు మీద కూర్చుని, "సెల్లి ఎల్లిపోనాది" అన్నాడు. నాకు చెప్పాడో, కుళాయికి చెప్పాడో తెలియదు. నాకు ఏడవడం రాదు. ఖాళీగా ఉండటమే నాకు తెలిసిన దుఃఖం. ఉన్నాను.

ఆమె పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో చాలామంది మాట్లాడారట. ఆమె పనిని వంతులవారీగా చేస్తామని చాలా చేతులు లేచాయట. మొదటి వారం యువకులు వచ్చారు, మమ్మల్ని ఫొటోలు తీసుకున్నారు, కొన్ని పాదాలు కడిగారు కూడా. రెండో వారం వాన. తర్వాత పరీక్షలు, తర్వాత క్రిస్మస్ పాటల సాధన. అటుపైన కారణం చెప్పవలసిన అవసరం కూడా ఎవరికీ లేకపోయింది.

అప్పుడు జయశీలరావుగారు నాకోసం వచ్చారు. రాహేలమ్మగారి జ్ఞాపకార్థం నన్ను చర్చిలో పెడతారట.

"అది కాళ్ళు కడుక్కునీది బాబూ. గోడకి ఏటి సేస్తాది?" అన్నాడు సింహాద్రి.

"మీకు కొత్త టబ్బు కొనిస్తాం కదా తాతా!"

కొనిచ్చారు. ఆకుపచ్చ ప్లాస్టిక్ టబ్బు, నాకంటే పెద్దది. నిజం చెప్పాలి కదా, అది మంచి టబ్బే. కాని మోచేయి బజారులో దొరకదు.

నా అడుగున, సరిగ్గా నడిమధ్య, డ్రిల్లు దింపారు. చుట్టూ పూత పెటపెటమని రాలింది. ఆ బెజ్జంలోనుంచి మర మేకు వేసి గోడకు బిగించారు. నా కింద పాలరాతి పలక మీద "ఆమె సేవ కొనసాగును" అని చెక్కించారు. నీళ్ళు నిలవని బేసిను కింద ఆ మాట చదివి ఎవరూ నవ్వలేదు. ఒకప్పుడు గేటు దాటనివ్వని నన్ను ఇప్పుడు పిల్లల చేత తాకిస్తున్నారు. నాకు కోపం వచ్చిందంటే బాగుండదు. విసుగు పుట్టిందంటాను.

ఈస్టరుకు ముందు గురువారం వచ్చింది. ప్రభువు శిష్యుల పాదాలు కడిగిన రోజు. కొత్తగా వచ్చిన పాస్టరు నిరీక్షణరావుగారు, "అమ్మగారి బేసినులోనే కడుగుదాం" అన్నారు. ఎంపికచేసిన సంఘ పెద్దలు ఇంటిదగ్గరే సబ్బుతో తోముకున్న పాదాలతో కుర్చీల్లో కూర్చున్నారు. జయశీలరావుగారు స్వయంగా మేకు విప్పి నన్ను దించారు. హడావుడిలో బెజ్జం సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పన్నీరు కలిపిన నీళ్ళు పోశారు. పోసినవి పోసినట్టే ఎర్ర తివాచీ మీదికి వెళ్ళాయి. ముందు వరస ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకున్నారు. పాట మధ్యలో ఆగింది.

గుమ్మం దగ్గర ఎవరో నవ్వారు. సింహాద్రి. రెండు చంకల్లోనూ కర్రలు, ఎడమకాలికి మోకాలిదాకా కట్టు.

"బేసినుకి బెజ్జమెట్టేసినారేటి బాబూ! సెల్లి సూస్తే తిట్టి సంపేస్తాది."

"కాలికేమైంది తాతా?" అన్నారు పాస్టరుగారు.

"నీళ్ళు కాసుకుని టబ్బులో ఎట్టుకున్నాను బాబూ. కాలు ఉడికిపోయిందాకా నాకు తెలవనేదు. సూసీ మోచెయ్యి నేదు గదా. దీన్ని తీసేయాలంటన్నారు ఆసుపత్రోళ్ళు. ఇంక రెండోది మిగిలింది. దాన్నైనా ఎవులైనా సూస్తారేటో అడుగుదావని వచ్చినాను."

పాస్టరుగారు ఒక పెద్దను లేపి, ఆ కుర్చీలో సింహాద్రిని కూర్చోబెట్టారు. తాను కింద కూర్చుని, నన్ను ఒళ్ళో పెట్టుకుని, అడుగున బెజ్జానికి బొటనవేలు అదిమారు. "పొయ్యండి" అన్నారు. పోసింది జయశీలరావుగారే.

"మోచెయ్యి, బాబూ" అన్నాడు సింహాద్రి.

పాస్టరుగారు తెల్లని అంగీ చెయ్యి పైకి మడిచి, మోచేయి ముంచారు. అది లేత మోచేయి, ఆమెది కాదు. అయినా నీళ్ళు నిలిచాయి. కట్టు లేని పాదం లోపలికి వచ్చింది. నేను ఎన్నాళ్ళ తర్వాతో బేసిన్ని అయ్యాను.

పాదం తుడిచాక సింహాద్రి లేవలేదు. "రేపెవులొస్తారు బాబూ?" అని అడిగాడు.

పాస్టరుగారు పెద్దలవైపు చూశారు. పెద్దలు పాటల పుస్తకాలవైపు చూశారు. వెనకనుంచి ఎవరో పాట అందుకున్నారు. చాలా బాగా పాడారు.

మర్నాటి ఆరాధనకు గోడ బోసిగా ఉండకూడదని, నన్ను పొడిగుడ్డతో తుడిచి, అదే మేకుతో మళ్ళీ బిగించారు. పాస్టరుగారి అంగీ చెయ్యి ఇంకా తడిగానే ఉంది.

రైలు గేటు అవతల ఒక పాదం ఇంకా మిగిలి ఉంది. నాకు పడిన బెజ్జం పెద్దదేమీ కాదు. ఒక బొటనవేలు అడ్డం పెడితే చాలు.