సార్‌కి వినపడకూడదని

క్లాసు మొదలయ్యే వేళకి ఇల్మా వాళ్ళింట్లో కుట్టుమిషను ఆగిపోయేది.

విజయవాడ వించిపేటలో వాళ్ళది ఒకటిన్నర గది ఇల్లు. వాళ్ళమ్మ ఫరహత్ జాకెట్లు కుడుతుంది. పెళ్ళిళ్ళ రోజుల్లో పని ఎంత మీదపడినా సరే, ఇల్మా ఫోను గోడకి ఆనించి కూర్చోగానే ఆవిడ మిషను వదిలేసి చేతికుట్టు పని పట్టుకునేది. దాదీ, అంటే నాయనమ్మ, ఖాసింబీకి ఉబ్బసం. దగ్గు తెర వస్తే కొంగు నోట్లో కుక్కుకుని వీధిలోకి వెళ్ళి, అక్కడ దగ్గి వచ్చేది.

యూనివర్సిటీలో చేరిన రోజున కోఆర్డినేటర్ గట్టిగా చెప్పాడు. "క్లాసులన్నీ లైవే. సార్ ఎప్పుడైనా ఎవరి మైకైనా ఆన్ చేస్తారు. ఇంట్లో చప్పుడు లేకుండా చూసుకోండమ్మా."

కరోనా రెండోసారి వచ్చి తగ్గుముఖం పట్టిన ఏడాది అది. ఇల్మా చేరింది ఎమ్మెస్సీ కెమిస్ట్రీలో. కంకిపాడు దాటాక ఉన్న ఆ ప్రైవేటు యూనివర్సిటీలోకి ఆమె అడుగుపెట్టింది చేరిన రోజునే. ల్యాబ్ కూడా వీడియోలోనే. ఎవరిదో చెయ్యి బ్యూరెట్ తిప్పుతుంది, ఫ్లాస్కులో ద్రావణం గులాబీ రంగుకి తిరుగుతుంది, "రీడింగ్ రాసుకోండి" అని ఒక గొంతు చెబుతుంది. తోటివాళ్ళ మొహాలు కనపడవు. సార్ స్క్రీను, పక్కన చాట్, అంతే. వాట్సాప్ గ్రూపులో పరిచయమై స్నేహితురాలైంది మాత్రం ఉష. కైకలూరు దగ్గర కొల్లేట్లో చేపలు పట్టే ఇంటి పిల్ల. ఇంట్లో సిగ్నల్ అందక చెరువు గట్టు మీద గొడుగు వేసుకుని కూర్చుని వినేది.

ఇన్ని అవస్థల్లోనూ సంజీవరావు సార్ క్లాసంటే ఇల్మాకి ప్రాణం. ఆర్గానిక్ కెమిస్ట్రీ ఆయనది. "నమస్తే అండీ అందరికీ. టిఫిన్లు అయ్యాయా?" అంటూ మొదలుపెట్టేవారు.

"అయింది నాయనా, నీకో?" అని దాదీ మూలనుంచి గుసగుసగా అనేది.

సార్ ప్రశ్న వేస్తే ప్రతిసారీ జోయెల్ అనే కుర్రాడే చెప్పేవాడు. "కరెక్ట్ జోయెల్! మిగతావాళ్ళు నిద్రపోతున్నారా?" అని సార్ నవ్వేవారు. ఇల్మాకి తల కొట్టేసినట్టుండేది. జోయెల్ వాట్సాప్ గ్రూపులో లేడు. అంత తెలివైనవాడికి గ్రూపులెందుకులే అనుకున్నారు వీళ్ళిద్దరూ.

తనకి అర్థం కానివి ఇల్మా చాట్‌లో అడిగేది. "తర్వాత మాట్లాడుకుందాం" అని జవాబు పడేది. ఆ తర్వాత ఎప్పుడూ రాలేదు. తన ప్రశ్నలే పనికిమాలినవేమోనని ఆమె క్రమంగా అడగడం తగ్గించింది.

ఒకరోజు దాదీకి దగ్గు ఆగలేదు. వీధిదాకా వెళ్ళే ఓపిక లేక అక్కడే కూలబడింది. ఇల్మా కంగారుగా "సారీ సార్, మా దాదీకి బాగాలేదు" అని చాట్‌లో పెట్టింది. సార్ పాఠం ఆపి, "పర్లేదు, పర్లేదండీ" అన్నారు. ఇల్మా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పింది. దాదీ చేతులెత్తి ఆయన కోసం దువా చేసింది.

డిసెంబరులో హాల్‌టికెట్లు వచ్చి తీసుకెళ్ళమన్నారు. ఉష పొద్దున్నే విజయవాడ వచ్చింది. ఇద్దరూ బెంజ్ సర్కిల్ దగ్గర బస్సెక్కి కంకిపాడు మీదుగా వెళ్ళారు. ఎగ్జామ్ సెక్షన్ కిటికీ ముందు వరసలో నిలబడి ఉండగా, ముందున్న అబ్బాయి లోపలికి వంగి అన్నాడు.

"ఒరిజినల్ డిగ్రీ కోసం వచ్చానండీ. పేరు జోయెల్."

ఉష ఇల్మా చెయ్యి గిల్లింది. రోజూ వినే గొంతది!

"మీరు మా క్లాసే కదండీ?" అంది ఇల్మా. "నిన్న కూడా సార్ అడిగితే మీరే చెప్పారు."

"నిన్నా? నిన్న నేను జాబ్‌లో ఉన్నానమ్మా. మా బ్యాచ్ అయిపోయి ఆరేడు నెలలవుతోంది." అతను నవ్వబోయి వాళ్ళ మొహాలు చూసి ఆగిపోయాడు. "సంజీవరావు సార్ క్లాసా? లాక్‌డౌన్‌లో మాకు చెప్పినవి అవి. రికార్డు చేసేవాళ్ళు. సార్‌ని మా బ్యాచ్ అవ్వగానే తీసేశారు కదా! హనుమాన్ జంక్షన్‌లో ఇంటర్ పిల్లలకి ట్యూషన్ చెప్తున్నారు."

ఇల్మా అతన్ని అడిగి ఆ ట్యూషన్ గది గుర్తులు రాసుకుంది. తర్వాత, "పద, వెళ్దాం" అంది.

"ఎక్కడికే?"

"సార్ దగ్గరికి."

హనుమాన్ జంక్షన్‌లో ఒక టైర్ల షాపు పైన గది. మెట్లెక్కుతుంటేనే లోపలి నుంచి మాట వినిపించింది. గుమ్మంలో వాళ్ళని చూసి ఆయన, "నమస్తే అండీ, రండి రండి. ఎవరి తాలూకా అమ్మా మీరు?" అన్నారు.

ఆరు నెలలుగా రోజూ ఇంట్లో మనిషిలా వింటున్న గొంతు అలా అడిగేసరికి ఇల్మా ఉష వెనక్కి జరిగింది. ఉషే అంతా చెప్పింది.

సంజీవరావు కుర్చీలో కూర్చుండిపోయారు. "క్లాసు మిస్సయినవాళ్ళ కోసం ఆ రికార్డింగులు దాచుకుంటామన్నారమ్మా. ఇలా చేస్తారని నాకు తెలీదు."

"అయితే మీరొచ్చి ఆ మాట చెప్పండి సార్," అంది ఇల్మా. "మేం కంప్లైంట్ ఇస్తాం."

ఆయన చూపు తిప్పుకున్నారు. "నా పేరు మాత్రం బయటికి తేకండమ్మా. వచ్చే ఏడు మళ్ళీ తీసుకుంటామన్నారు. ఇద్దరు పిల్లలున్నారు నాకు."

"మళ్ళీ ఎందుకు తీసుకుంటారు సార్?" అంది ఉష. "మీరు వాళ్ళ దగ్గరే ఉన్నారుగా!"

ఆయన ఇల్మా వైపు చూసి, "నీ డౌట్లేంటో అడుగమ్మా, ఇప్పుడు చెప్తాను" అన్నారు.

"గుర్తు లేవు సార్," అంది ఇల్మా. అన్నీ గుర్తున్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చి మొహం కడుక్కోకుండానే అంతా చెప్పేసింది. ఫరహత్ విని, ముందు నమ్మలేదు. "మరి ఆ రోజు పర్లేదన్నారుగా?"

"అది ఎవరితోనో అన్నారమ్మీ. అప్పుడెప్పుడో."

మూలనుంచి దాదీ మెల్లగా అడిగింది. "అయితే బేటీ, ఇన్నాళ్ళూ నేను ఎవరికి వినపడకూడదని దగ్గు ఆపుకున్నాను?"

ఇల్మా ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది. మోసపోయింది తనొక్కతే అయితే ఇంత బాధ ఉండేది కాదనిపించింది.

మర్నాడు ఇల్మా, ఉష ఇద్దరూ ఫోన్లో కోఆర్డినేటర్‌ని నిలదీశారు. ఆయన తొణకలేదు. "మంచి ఫ్యాకల్టీ క్లాసులే కదమ్మా ఇచ్చింది? చాట్‌లో జవాబులు మావాళ్ళు పెడుతూనే ఉన్నారుగా. ఏడాదిలో కెమిస్ట్రీ మారిపోయిందా?"

"లైవ్ అన్నారు కదండీ."

"పాఠం వచ్చిందా లేదా? అది చూసుకోండి."

గ్రూపులో పెడితే సగం మంది భయపడ్డారు. ఇంటర్నల్ మార్కులు వాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి, గొడవెందుకన్నారు. తక్కినవాళ్ళు మాత్రం సోమవారం క్లాసులో చాట్ నిండా ఒకే మాట పెట్టారు: "సార్, మీరు ఉన్నారా?" కింద నుంచి పైకి అదే వాక్యం పాకుతూ పోయింది. స్క్రీను మీద సంజీవరావు సార్ "కరెక్ట్ జోయెల్!" అని నవ్వుతూనే ఉన్నారు. కాసేపటికి చాట్ మూసేశారు.

ఎవరో దాన్ని ఫోటో తీసి నలుగురికీ పంపారు. అది తిరిగి తిరిగి యూనివర్సిటీ పెద్దవాళ్ళ దాకా వెళ్ళింది. క్షమాపణ ఏమీ రాలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత మాత్రం స్క్రీను మీద కొత్త మనిషి కనిపించాడు. చిన్నవాడు, మాట తడబడుతోంది.

"గుడ్ మార్నింగండీ. నా పేరు శివాజీ. ఇకనుంచి ఆర్గానిక్ నేను చెప్తాను. మీకు ఏమేం రాలేదో ముందు చెప్పండి, అక్కణ్ణించే మొదలుపెడదాం."

ఎవరూ పలకలేదు.

"నేను లైవేనండీ, నిజంగా," అన్నాడు. అని, లేచి ఫోను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి బయట పడుతున్న అకాల వాన చూపించాడు. వించిపేటలోనూ అదే వాన పడుతోంది. ఇల్మా ఆ వాననీ ఈ వాననీ మార్చి మార్చి చూసింది. అయినా ఆమె మనసు ఒప్పుకోలేదు.

"ఒక్కరైనా మాట్లాడండి ప్లీజ్. మైకులు తెరిచే ఉన్నాయి."

చాట్‌లో ఒక్క అక్షరం పడలేదు. శివాజీ చాలాసేపు చూశాడు. చివరికి గొంతు సవరించుకుని, ఎవరూ లేని గదిలో మాట్లాడుతున్నవాడిలా పాఠం మొదలుపెట్టాడు.