చెరిపేసిన పెన్సిలు గీతలు

పెన్ను మూడోసారి ఆగిపోయింది.

"ఇంకా ఏడు నిమిషాలు," అంది హెడ్డాఫీసు మేడం, వాచీ చూసుకుంటూ.

లేబులక్క పెన్ను విదిలించి మళ్ళీ కాగితం మీద పెట్టింది. మందుల గోడౌన్‌లో ఎనిమిదేళ్ళుగా పెట్టెలకు లేబుళ్ళు అంటిస్తోంది కాబట్టి అందరికీ ఆమె లేబులక్కే. షిఫ్టు ఇన్‌చార్జి ఉద్యోగం చేతిదాకా వచ్చింది. తీరా ఇప్పుడు మేనేజరుగారి అద్దాల తలుపు గదిలో కూర్చుని, ఇంగ్లిషులో ఒక పేజీ రాసి తన నిజాయితీ నిరూపించుకోవాల్సి వచ్చింది.

అంతా పోయిన గురువారం రిపోర్టు వల్లే. ఆ రోజు కోల్డ్‌రూము తలుపు సరిగా పడలేదు, అలారం మోగింది. మేనేజరుకి ఫోను మీద ఫోను చేసింది. నలభై నిమిషాలు ఎత్తలేదు. ఈలోగా తనే ఇంజెక్షన్ల పెట్టెలన్నీ పక్కగదికి మార్పించి, జరిగింది జరిగినట్టు ఇంగ్లిషులో రెండు పేజీలు రాసి హెడ్డాఫీసుకి పంపింది. అక్కడివాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఇలా రాయగలిగిన మనిషినే ఇన్‌చార్జిని చేద్దాం అనుకుంటుండగా ఊడిపడింది ఆకాశరామన్న ఉత్తరం. ఆ రిపోర్టు ఆవిడ రాయలేదట, గోడౌన్‌లో పనివాళ్ళకి ఇంగ్లిషు నేర్పే మాస్టారు రాసిచ్చారట, అందులోవన్నీ కట్టుకథలట.

అదే నిజమని తేలితే కొత్త ఉద్యోగం సంగతి అటుంచి, ఉన్న పనీ ఊడుతుంది.

"రాయడానికి కాస్త రిలక్టెంట్‌గా ఉన్నట్టుంది మేడం," అన్నాడు మేనేజరు కుర్చీలో వెనక్కి వాలుతూ. "వస్తే కదా పాపం!"

తలుపు దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ బావ నిలబడి ఉన్నాడు. వరసకు బావ, ఇంగ్లిషు క్లాసులో పక్క కుర్చీ. అదే ఉద్యోగానికి తనూ అర్జీ పెట్టుకున్నాడు.

"ఏం మరదలా, నా వ్యాసాల్లో తప్పులు పట్టేటప్పుడు గుర్రంలా పరిగెత్తే పెన్ను ఇప్పుడు కుంటుతోందేం?"

"నువ్వు నోరు మూస్తే అదే పరిగెడుతుంది బావా!"

టైమైపోయింది. మేడం పేజీ అందుకుని చదివింది. నొసలు ముడిపడింది. "కొట్టివేతలే ఎక్కువగా ఉన్నాయి. ఆ రిపోర్టు రాసిన చెయ్యిలా లేదమ్మా."

"మేడం, ఆ ఉత్తరం ఒక్కసారి చూడనిస్తారా?"

ఇంగ్లిషులో, చేతిరాత తెలియకుండా అన్నీ పెద్దక్షరాలే. పంక్తుల మీద వేలు పోనిచ్చింది. ఒకచోట వేలికి సన్నటి గాడి తగిలింది. ఇంకోచోట ఇంకొకటి. గబగబా కిటికీ దగ్గరికెళ్ళి కాగితాన్ని వెలుగుకి ఏటవాలుగా పట్టింది. మూడు మాటల కింద మూడు గీతలు! పెన్సిలుతో గీసి, రబ్బరుతో చెరిపేసినవి.

కాగితం తెచ్చి మేడం ముందు పెట్టింది.

"మేడం! ఇది రాసింది మా మాస్టారి దగ్గర నేర్చుకునే మనిషే!"

ఊపిరి తిప్పుకోకుండా చెప్పేసింది. మాస్టారి దగ్గరొక బిస్కెట్ల డబ్బా ఉంటుంది. ప్రతి సోమవారం అందులోంచి తలా పది కొత్త మాటల చీటీలు తీసుకోవాలి. ఒకరి మాట ఇంకొకరికి ఇవ్వరు. ఆ వారం అవి ఉత్తుత్తి వాక్యాల్లో కాదు, సెలవు అర్జీలాంటి నిజం రాతల్లో వాడాలి. వాడిన మాట కింద పెన్సిలు గీత పెట్టాలి. కొన్నాళ్ళకి మనసు అడక్కుండానే చెయ్యి గీసేస్తుంది.

బావ ముఖం పాలిపోయింది. "నా వైపు చూడకే తల్లీ! నీతో పోటీ పడ్డానుగానీ ఇంత పాడుపని చెయ్యలేదు."

"మాస్టార్ని పిలవండి," అంది మేడం.

కాంటీన్ వెనక గదిలోంచి మాస్టారు, ఎవరికే మాటలిచ్చారో వరసలుగా రాసుకునే చీటీల పుస్తకంతో వచ్చారు. బావ వరసలో ఆ మాటల్లేవు. లేబులక్క వరసలో లేవు. క్లాసులో మిగతా ఇద్దరివీ చూశారు, లేవు. ఆ పక్కన ఇంకో వరస కనిపించింది లేబులక్కకి.

"మేం నలుగురమే కదా, అయిదో వరస ఎవరిది మాస్టారూ?"

ఆయన పుస్తకం మూసేశారు. "విడిగా నేర్చుకుంటున్నారమ్మా. పేరు బయటపెట్టనని మాటిచ్చాను."

"పేరొద్దు. చీటీలు చదవండి చాలు," అంది లేబులక్క.

మాస్టారు ఉత్తరం అందుకున్నారు. అందులో తన మీద వేసిన నింద కూడా చదివారు. పుస్తకం మళ్ళీ తెరిచారు.

"కన్సీల్."

గాడి ఉంది.

"ఫ్యాబ్రికేట్."

ఉంది.

"రిలక్టెంట్."

మూడోదీ ఉంది. ఆ మాట ఇందాకే, ఈ గదిలోనే వింది లేబులక్క. వంగి అయిదో వరస పైన చూసింది. పేరు లేదు. 'సోమవారం, పొద్దున ఎనిమిది, అద్దాల తలుపు' అని మాత్రం ఉంది. గోడౌన్ మొత్తానికీ అద్దాల తలుపున్న గది ఒక్కటే.

కుర్చీ కిర్రుమంది. వెనక్కి వాలిన మనిషి నిటారుగా కూర్చున్నాడు.

లేబులక్క అటు తిరిగింది.

"నలభై నిమిషాలు ఫోనెత్తనిదీ మీరే, ఈ ఉత్తరం రాసిందీ మీరే, మేనేజరుగారూ!"