పాటకు కుదిరిన గోత్రం

వంశావళులు రాయడం, ఇంటిదేవత మీద హారతి పాట కట్టివ్వడం సంగారెడ్డి కామరాజుగారి వృత్తి. గోత్రం తెలియనివాళ్లకు లోకమంతా కాశ్యపం అంటగడుతుంది. ఆయన మాత్రం కళ్లు మూసుకుని, ముక్కు రాసుకుని, కౌండిన్యమనేవాడు. "కౌండిన్య గోత్రులను కావవే భవానీ" అన్న చరణం అంత చక్కగా కుదిరింది మరి! పాట మార్చడం కన్నా మనుషుల గోత్రం మార్చడం తేలిక. ఈ సంగతి భార్య ముత్యమ్మకొక్కదానికే తెలుసు. "ఇది మీ ఇంటి పాట, బయట పాడొద్దు" అని అందరికీ ఒట్టు కూడా పెట్టించేవాడు.

బొల్లారం మందుల కంపెనీలో పనిచేసే అనిల్‌కు, పాండు కూతురు నిషితకు లగ్నపత్రిక రాసేరోజు ఆ ఒట్టు గట్టున పడింది. హారతికి రెండువైపుల ఆడవాళ్లూ ఒకే పాట ఎత్తుకున్నారు. కౌండిన్య చరణం దగ్గర గొంతులు ఆగిపోయాయి.

"ఒక్కటే గోత్రమా! అన్నాచెల్లెండ్లయితరు గదనే!" అని పాండు పీటల మీది పిల్లను లేపేశాడు. నిషిత ఏడుపు వీధి చివరికి వినబడింది.

"ఉన్నది చెప్పరాదుండ్రి," అంది ముత్యమ్మ ఇంటికొచ్చాక.

"ముప్పై ఏండ్ల పేరే! గంగల కలుస్తది."

పేరు కాపాడుకోవడానికి ఆయన వంశావళి మళ్లీ తిరగేసి, అనిల్ ముత్తాత దత్తుడనీ, రక్తం వేరనీ రాసిచ్చాడు. మూడోనాడు అనిల్ తండ్రి నర్సింహులు పరుగెత్తుకొచ్చాడు. వెనుక పాండు, ఆ వెనుక నర్సింహులు దాయాదులు, అదే పాలోళ్లు.

"అయ్యగారూ, ఏం రాసిండ్రు? దత్తత కాగితం సూపెట్టు, లేకుంటే తాతలనాటి పటాన్‌చెరు భూమి మాదే అంటున్నరు మా పాలోళ్లు!"

కామరాజు ముత్యమ్మ వైపు చూశాడు. ఆమె చాట తీసుకుని బియ్యంలో రాళ్లు ఏరసాగింది.

"దత్తత లేదు, ఏం లేదు," అన్నాడాయన చివరికి. "మీ గోత్రం నాకు తెల్వదు. పాటకు కుదిరిందని రాసిన."

"మాది గూడనా?" అన్నాడు పాండు.

"మీది గూడ."

పాండు ఎగిరి నర్సింహులును కావలించుకున్నాడు. "ఇంకేంది బావా, లగ్గం పెట్టుకుందాం!" పాలోళ్లు మాత్రం చాయ్ కూడా ముట్టకుండా వెళ్లిపోయారు.

పెళ్లిలో పురోహితుడు గోత్రాలు అడిగాడు. పందిరంతా కామరాజు వైపు తిరిగింది. అలవాటుగా ఆయన చెయ్యి ముక్కు మీదికి పోబోతుంటే ముత్యమ్మ పట్టుకుంది.

"పిలగానికి కాశ్యపం, పిల్లకు శివగోత్రం అనుండ్రి పంతులూ."

"మీకెట్ల తెలుసమ్మా?"

"మా ఆయనకు తెలిసినట్టే."