తలుపు వెనక ఏప్రన్

పొద్దున తొమ్మిదింటికి డ్రస్సుల గది తాళం తియ్యాలి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాలి, కిటికీ తెరవాలి. పెట్టె కాగిందో లేదో ముందు తన ఏప్రన్ మీదే ఒకసారి రుద్ది చూసుకోవాలి. ఇరవై నాలుగేళ్ళుగా సూదమ్మ పని ఇలాగే మొదలవుతోంది. ఆ పాటల నాటకం కంపెనీలో డైరెక్టరు దగ్గర్నుంచి గేటు కాపలా మనిషి దాకా అందరికీ ఆవిడ సూదమ్మే. ఏప్రన్ జేబులో దారం ఎక్కించిన సూదులు మూడు ఎప్పుడూ ఉంటాయి మరి.

కిటికీ తెరిచాక గాలి తగిలితే చాలు, హేంగర్లకున్న డ్రస్సులు పాటందుకుంటాయి. తొడుక్కున్నవాళ్ళు ముందురోజు ఎలా పాడారో అచ్చం అలాగే, సన్నగా. హీరో కోటు చరణం మధ్యలో ఖళ్ళుమని దగ్గుతుంది, ఎందుకంటే హీరో అక్కడ దగ్గాడు కాబట్టి. కోరస్ గౌన్లయితే సరేసరి, ఒకదాన్ని మించి ఒకటి గొంతు పెంచుతాయి. ఇస్త్రీ చేస్తే పాట చెరిగిపోతుంది. అందుకని సంగీతం మాస్టారు వచ్చి, అన్నిటినీ విని, ఎవరెక్కడ శ్రుతి తప్పారో నోటుబుక్కులో రాసుకునేదాకా ఏ డ్రస్సూ ఇస్త్రీ చెయ్యకూడదని రూలు. ఏప్రన్ సంగతెవరిక్కావాలి, అదేమన్నా స్టేజీ ఎక్కుతుందా?

ఆ రోజు కిటికీ తెరిస్తే అన్నీ పాడాయి గానీ నీలం గౌను మాత్రం ఉలకలేదు, పలకలేదు.

సూదమ్మ గబగబా దాన్ని హేంగరు నుంచి తీసింది. నీలం గౌను హీరోయిన్‌ది. హీరోయిన్ ఎవరో కాదు, ఆవిడ ఒక్కగానొక్క కూతురు. గౌను దులిపి చూసింది, కిటికీకి దగ్గరగా పట్టి చూసింది, కాలరు దగ్గర చెవి ఆనించి విన్నది. ఉహూఁ. గౌను మూగబోయిందంటే తొడుక్కున్న మనిషి నిన్న నోరు విప్పలేదనే అర్థం. పోయినేడు మంత్రి వేషగాడి కోటు ఇలాగే మూగబోతే, మధ్యాహ్నానికల్లా ఆయన పెట్టె సర్దుకోవలసి వచ్చింది.

మరి నిన్న హాలంతా మోగిన పాట? రెండో అంకంలో కూతురి పెద్దపాట అయ్యేదాకా సూదమ్మ రోజూ పక్క తెర చాటున శాలువా పట్టుకుని నిలబడుతుంది. పాట కాగానే పిల్ల పరుగున వస్తే కప్పాలి. నిన్నా అక్కడే ఉంది. చెవులారా విన్నది. ఆ గొంతు తన కూతురిదే, లక్షమందిలోనైనా పోల్చుకోగలదు.

బుర్ర పనిచెయ్యలేదు. ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టడం కూడా మర్చిపోయింది. గౌను తీసుకెళ్ళి బకెట్లో ముంచేసింది. మరక పడింది, తడిపేశాను అంటే సరి. కంపెనీలో చేరాక ఆవిడ ఆడబోతున్న మొదటి అబద్ధం అది.

అప్పుడే మాస్టారు తలుపు తోసుకుని వచ్చారు. "మరక..." అని సూదమ్మ మొదలుపెట్టిందో లేదో, తలుపు వెనక మేకుకున్న ఏప్రన్‌కి గాలి తగిలింది. పెద్దపాట పల్లవి నుంచి ఎత్తుకుంది.

మాస్టారి చేతిలో నోటుబుక్కు కింద పడింది. పక్క గదిలోంచి డైరెక్టరొచ్చి, గుమ్మంలోనే నిలబడిపోయాడు. గుడ్డ పాడటం ఎవరికీ వింత కాదు. ఆ గుడ్డ పాడటమే వింత.

వెనకాలే కూతురొచ్చింది, మెడకి మఫ్లరు చుట్టుకుని. నిన్న పొద్దున లేచేసరికి గొంతు పూడుకుపోయిందట. నెల్లాళ్ళు పాడొద్దన్నాడట డాక్టరు. పక్షుల కూతలకని పక్క తెర దగ్గర ఒక మైకు ఉంటుంది. అందులో సూదమ్మ కూనిరాగం రోజూ వినబడుతోందనీ, రోజూ తనే తగ్గించేస్తున్నాననీ సౌండాయన చెప్పాడట. నిన్న తగ్గించకుండా పెంచాడు, తను పెదాలు మాత్రం కదిపింది.

"నాకొక్క మాట చెప్పొచ్చు కదే," అంది సూదమ్మ.

"చెబితే నువ్వు పాడవుగా అమ్మా," అంది కూతురు బొంగురుగా.

అది నిజం. ఇరవై నాలుగేళ్ళ కిందట ఆవిడ ఈ కంపెనీకి పాడటానికే వచ్చింది. పాట అందుకోమని మాస్టారు మూడుసార్లు చెయ్యెత్తారు, మూడుసార్లూ ఆవిడ నోరు పెగల్లేదు. పోనీ కుట్టుపని వచ్చా అనడిగారు. ఇప్పుడాయన నోటుబుక్కు ఏరుకుని, ఆవిడ మొహం చూడకుండా చెప్పారు. "మూడింటికి ఆట. నెల్లాళ్ళు నువ్వు పాడితే పిల్ల వేషం పిల్లదే. లేదంటే రేపట్నుంచి వేరే అమ్మాయి."

మూడింటి ఆటకి సూదమ్మ పక్క తెర చాటున మైకు ముందు నిలబడింది. అవతల కూతురు వెలుతుర్లో నిలబడింది. వాయిద్యాలు ఎత్తుకున్నాయి. సూదమ్మకి నోరు పెగల్లేదు. వాయిద్యాలు రెండోసారి ఎత్తుకున్నాయి. కూతురు చిరునవ్వు చెదరనివ్వకుండా కళ్ళతోనే ఇటు చూసింది. ఆ చూపు తట్టుకోలేక సూదమ్మ నడుముకున్న ఏప్రన్ విప్పి, మైకు పక్కన మేకుకి తగిలించింది. పొద్దున్నించీ దానికి ఇస్త్రీ పడలేదు. తెరగాలి తగిలి అది సన్నగా పల్లవి అందుకుంది.

ఒంటరిగా అయితే ఆవిడ జన్మకి పాడేది కాదు. తోడు దొరికింది కదా, రెండో మాటకి గొంతు కలిపేసింది.

మర్నాడు పొద్దున మాస్టారు డ్రస్సుల గదికొచ్చి వరసగా విన్నారు. హీరో కోటయింది, కోరస్ గౌన్లయ్యాయి. తలుపు వెనక మేకు ఖాళీగా ఉంది. నీలం గౌను పక్కన కొత్త హేంగరుకి ఏప్రన్ ఉంది. దాని ముందు కాస్త ఎక్కువసేపే నిలబడి, నోటుబుక్కులో ఏదో గీకారు.

"రెండో చరణంలో ఊపిరి చాలట్లేదు," అన్నారు కోపంగా. "ఇవాళ సరిచేసుకో."

"అలాగేనండి," అంది సూదమ్మ.