ఇప్పగరువు వారు

"అన్నాసెల్లెళ్లకి పెళ్లి సేస్తానంటే ఊరూరుకుంతాదా?" అన్నాడు జగన్నాధం కంచం ముందు కూర్చుని, ముచ్చటగా మూడోసారి.

"పొద్దుట్నించీ అదే పాట. పులుసు సల్లారిపోతంది, తిను," అంది భార్య సుభద్రమ్మ.

కూతురు పద్మకుమారి రాజాం బడిలో పంతులమ్మ. అదే బడిలో పాఠాలు చెప్పే నారాయణమూర్తిని చేసుకుంటానంది. హాజరు పట్టీలో అతను ఐ. నారాయణమూర్తి, ఈమె ఐ. పద్మకుమారి. ఆ ఐ ఏమిటని రెండేళ్లలో ఒకరినొకరు అడగనేలేదు. నిన్న నరసన్నపేట నుంచి అతని తండ్రి రాసిన ఉత్తరంలో బయటపడింది. వాళ్లదీ ఇప్పగరువు ఇంటిపేరే. ఇంటిపేరు ఒకటైతే అన్నాచెల్లెళ్ల వరస.

విశాఖ రేవులో పనిచేసే జగన్నాధం తమ్ముడు నరసింగరావు గోడకి చేరబడి అందుకున్నాడు. "మా ఓడలకాడికి నార్వే కళాసీ ఒకడొస్తాడన్నయ్యా. ఆల దేశంలో ఏ కమతంలో ఉంటే ఆ కమతం పేరే ఇంటిపేరంట. ఆడు తాతముత్తాతల్ని ఎతుక్కుంతంటే ఒకే పేరోలు వందమంది తేలినారు, ఒక్కడూ సుట్టం కాడు. మన ఇప్పగరువూ మెట్టపొలం పేరే గదా?"

"నీ కళాసీ వచ్చి పుస్తె కట్టిస్తాడేటి?"

సుభద్రమ్మ నవ్వబోయి, అత్తగారు దాలమ్మ వంక చూసి ఆగిపోయింది. ఆవిడ చింతపండు పీచు తీయడం మానేసి కూర్చుంది.

"ఆడు సెప్పింది నిజమేరా," అంది దాలమ్మ. "మీ తాత, మా మావ ఎర్రన్న, ఇంటిపేరుకి దుప్పలోడు. ఇప్పగరువోలి కంబారి. ఆల గొడ్లు కాసి, ఆల మెట్ట దున్నీవోడు. కరువొచ్చి ఆలు నరసన్నపేట ఎల్లిపోతా గరువు మావకొదిలేసినారు. గరువుతోపాటు పేరూ అంటుకున్నాది."

పద్మకుమారి గడపలోకి వచ్చి నిలబడింది.

వరస అడ్డు తొలగింది, సరే. కానీ ఆ మాట వాళ్లతో అనాలంటే, మేం మీ ఇంటి పాలేరు మనవలమని చెప్పుకోవాలి. చెప్పకపోతే పెళ్లి లేదు. చెబితే ఉంటుందో లేదో. 'ఇప్పగరువోరు' అని ఊళ్లో ఎవరైనా పిలిస్తే భర్త మెడ ఎంత నిటారుగా లేస్తుందో సుభద్రమ్మకి తెలుసు.

జగన్నాధం లేచి పెరట్లోకి వెళ్లాడు. చెయ్యి కడుక్కోవడానికి అంతసేపు పట్టదు. ఆమె వెనకాల వెళ్లలేదు.

తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎవరి వంకా చూడకుండా అన్నాడు. "రేపు నరసన్నపేట నేనే ఎల్తాను. మీ కంబారి ఎర్రన్న మనవణ్నని సెప్తాను. పిల్లని సేసుకుంతారో లేదో ఆల ఇష్టం. అమ్మా పద్మా, నువ్వు బడి పట్టీలో నీ పేరు ముందు ఆ ఐ కొట్టేయించీ."